ఇంగ్లండ్‌లోని యార్క్‌షర్ పాత పార్లమెంటు నియోజకవర్గ చరిత్రను ఎలా వెదకాలి?

ముందుగా పార్లమెంటు సభ్యుల జాబితా తెరవకండి. అందులో ఓటర్లు కనిపించరు. 1807 ఎన్నికల పోల్ బుక్కుతో మొదలుపెట్టండి. 1872 వరకు ఓటు రహస్యం కాదు కాబట్టి, ఓటరు పేరు, ఊరు, ఎవరికి వేశాడో అన్నీ అచ్చులో ఉంటాయి. ఒక్కొక్కరికి రెండు ఓట్లు. ఏదో ఒక ఊరిని పట్టుకుని వరుసగా చదవండి: పోటీచేసిన ముగ్గురిలో విల్బర్‌ఫోర్స్‌కు వేసినవారి రెండో ఓటు మిల్టన్‌కు పడిందా, లాసెల్స్‌కు పడిందా? ఈ వెతుకులాటలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. పేరు కనిపించనివాడు ఆ ఊళ్లో లేడనుకోవద్దు. ఏటా 40 షిల్లింగుల విలువైన సొంత భూమి ఉన్న మగవారికే ఓటు. అదీ యార్క్ నగరం దాకా వెళ్లి వేయాలి. ఆ తర్వాత తేదీలు చూసుకోండి: 1826లో సభ్యులు ఇద్దరి నుంచి నలుగురయ్యారు. 1832లో నియోజకవర్గం మూడు రైడింగులుగా (యార్క్‌షర్‌లోని పాత పాలనా విభాగాలు) విడిపోయింది కాబట్టి, అక్కడి నుంచి రైడింగు పేరుతోనే వెదకాలి.