కోరమాండల్‌కి ఇంజన్ మార్చినట్టు: ఇంగ్లిష్‌లో నిన్నటి సంగతి చెప్పడం

మా నాన్నగారు విశాఖపట్నం స్టేషన్‌లో షంటింగ్ పని చేసేవారు. హౌరా వైపు నుంచి వచ్చిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగుతుంది, ఇంజన్ ఊడదీసి రెండో చివర తగిలిస్తారు, అప్పుడు మద్రాసు వైపు కదులుతుంది. ఈ తిరకాసు ఎందుకని కొన్ని బళ్ళు ఊళ్ళోకి రాకుండా దువ్వాడ మీదుగా పోతాయి. చిన్నప్పుడు నాన్నగారికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి, ఆ ఇంజన్ మార్పు చూస్తూ నిలబడిపోయేదాన్ని. ఇప్పుడు మర్రిపాలెంలో మా డాబా మీద సాయంత్రాలు స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తున్నాను. క్రియల పాఠం ఆ ఇంజన్ మార్పుతోనే మొదలుపెడతాను.

ఎందుకంటే తెలుగు వాక్యానికి ఇంజన్, అంటే కాలం చెప్పే ముక్క, చివర ఉంటుంది. ‘వెళ్దామనుకున్నాను’ అన్న మాట చూడండి. వెళ్ళడం ముందు, కోరిక మధ్యలో, జరిగిపోయిన కాలం చిట్టచివర. ఇంగ్లిష్‌లో అదే సంగతి ‘ఐ వాంటెడ్ టు గో’. కాలం ‘వాంటెడ్’ మీదే ఉంది, అంటే ముందే. వెనకున్న ‘గో’ ఉత్త బోగీ. దానికి కాలం తెలియదు, తెలియక్కర్లేదు. ‘ఐ వాంటెడ్ టు వెంట్’ అన్నారంటే బోగీకి కూడా ఇంజన్ కట్టినట్టే.

కాబట్టి పద్ధతి ఇది. ముందు తెలుగు వాక్యం కాగితం మీద రాసుకోండి. చివరి ముక్క కింద గీత గీయండి. ఆ ముక్కని తీసుకొచ్చి కర్త పక్కన పెట్టండి, కాలం దానికే ఇవ్వండి. మిగతా క్రియలని అలాగే, ఏ తోకా తగిలించకుండా వదిలేయండి.

‘డిడ్’ దగ్గర అందరూ జారిపడతారు. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అనని బ్యాచ్ నాకు ఇంతవరకు రాలేదు. తమాషా ఏమిటంటే, తెలుగులో ఈ తప్పు మనం ఎప్పుడూ చెయ్యం. ‘వెళ్ళలేదు’ అంటాం గానీ ‘వెళ్ళాను లేదు’ అంటామా? ‘వెళ్ళ’ అనేదే ‘గో’, ‘లేదు’ అనేదే ‘డిడ్ నాట్’. రెండూ తారుమారు చేస్తే ‘డిడ్ నాట్ గో’ వచ్చేసింది. ప్రశ్నలోనూ అంతే: ‘డిడ్ యూ గో?’

ఇక కేన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్. మన పిల్లలు వీటిని హెల్పింగ్ వెర్బ్స్ అంటారు, అసలు పేరు మోడల్స్. ఇవి వాక్యంలో ఉంటే ఇంజన్ చోటు వీటిదే. వీటికి ‘ఎస్’ తగలదు, వీటి వెనక ‘టు’ రాదు. ‘హి కేన్ స్విమ్’ అనాలి. ‘కేన్స్ స్విమ్’ కాదు, ‘కేన్ టు స్విమ్’ కాదు, ‘కేన్ స్విమ్స్’ అసలే కాదు. (‘కుడ్’ స్పెల్లింగ్‌లో పలకని ‘ఎల్’ ఎందుకని అడుగుతుంటారు. వుడ్, షుడ్‌లలో ఉందని దీనికీ తగిలించారు, అంతే.)

‘కేన్’కి నిన్నటి రూపం ‘కుడ్’, ‘విల్’కి ‘వుడ్’. ‘మస్ట్’కి మాత్రం అలాంటి రూపం లేదు. ఈ సంగతి నాకు మొదటి ఇంటర్వ్యూలో తెలిసొచ్చింది. ఆలస్యం ఎందుకైందని అడిగితే, ‘బస్ డిడ్ నాట్ కేమ్, సో ఐ మస్ట్ వాక్డ్’ అన్నాను. ఎదురుగా ఉన్న ముగ్గురిలో ఒకాయన నవ్వాపుకోలేక ఫైలు అడ్డం పెట్టుకున్నారు. ఉద్యోగం రాలేదు. అనాల్సింది ‘ద బస్ డిడ్ నాట్ కమ్, సో ఐ హ్యాడ్ టు వాక్’. తెలుగులో ‘నడవాలి’ అన్నది నిన్నటికొచ్చేసరికి ‘నడవాల్సి వచ్చింది’ అవుతుంది కదా. ఆ ‘ఆల్సి వచ్చింది’ ఎక్కడ వినపడితే అక్కడ ‘హ్యాడ్ టు’ పెట్టేయండి.

‘కుడ్’తో ఒక జాగ్రత్త. ‘చిన్నప్పుడు ఈత వచ్చేది’ అంటే ‘కుడ్ స్విమ్’ సరిపోతుంది. కానీ నిన్న ఒక్కసారి పరిగెత్తి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ అందుకున్నారనుకోండి, దానికి ‘కుడ్ క్యాచ్’ అతకదు. ‘వజ్ ఏబుల్ టు క్యాచ్’ అనాలి. అందుకోలేకపోతే మాత్రం ‘కుడ్ నాట్ క్యాచ్’ హాయిగా అనొచ్చు.

అసలు అందం ‘హ్యావ్’లో ఉంది. కిరండూల్ వెళ్ళే రైలు లైన్‌లో కొండ ఘాట్ ఎక్కే గూడ్సు బళ్ళకి ఒక్క ఇంజన్ చాలదు. ‘షుడ్’, ‘మస్ట్’, ‘మైట్’లదీ అదే ఇబ్బంది. ముందు కూర్చుంటాయి గానీ, బండిని నిన్నటిలోకి లాగే బలం వాటికి లేదు. అప్పుడు వెనక ‘హ్యావ్’ తగిలించి, దాని తర్వాత క్రియ మూడో రూపం పెట్టాలి. మన ‘ఉండు’ చేసే పని సరిగ్గా ఇదే. ‘వెళ్ళి ఉంటాడు’ అంటే ‘హి మస్ట్ హ్యావ్ గాన్’. ‘వెళ్ళి ఉండొచ్చు’ అంటే ‘మైట్ హ్యావ్ గాన్’. ‘వెళ్ళి ఉండాల్సింది’ అంటే ‘షుడ్ హ్యావ్ గాన్’, అంటే వెళ్ళలేదని, ఇప్పుడు బాధపడుతున్నాడని. ‘హ్యావ్ వెంట్’ అనకండి. ‘వెంట్’ రెండో రూపం, ఇక్కడ దానికి సీటు లేదు.

‘టు’ గురించి రెండే ముక్కలు. ‘స్టాప్డ్ టు డ్రింక్ టీ’ అంటే టీ తాగడానికి ఆగాడని. ‘స్టాప్డ్ డ్రింకింగ్ టీ’ అంటే టీ మానేశాడని. డాక్టర్ దగ్గర ఈ రెండూ కలిపేయకండి. ‘మేడ్’ వెనక ‘టు’ ఉండదు: ‘దే మేడ్ మీ వెయిట్’. అదే వాక్యం తిరగేస్తే ‘టు’ తిరిగొస్తుంది: ‘ఐ వజ్ మేడ్ టు వెయిట్’. దీనికి దగ్గరి దారి నాకు దొరకలేదు, నోటికి వచ్చేదాకా అనుకోవడమే.

అభ్యాసానికి నేను ఒకే విషయం ఇస్తాను: హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న మీ ఇంట్లో ఏం జరిగిందో పది వాక్యాలు. తుఫాను కథలో చెయ్యలేకపోయినవి, చెయ్యాల్సి వచ్చినవి, చేసి ఉండాల్సినవి వాటంతటవే వస్తాయి. అప్పటికి బాగా చిన్నవాళ్ళైతే అమ్మని అడిగి రాసుకొస్తారు. మొన్న గాజువాక నుంచి వచ్చే కుర్రాడు నిలబడి చదివాడు: ‘మై మదర్ హ్యాడ్ టు హోల్డ్ ద డోర్. వి కుడ్ నాట్ స్లీప్. వి షుడ్ హ్యావ్ గాన్ టు మై అంకుల్స్ హౌస్. ద డోర్ వాంటెడ్ టు ఫ్లై.’

తలుపు ఎగిరిపోదామనుకుందట. క్లాసంతా నవ్వింది. ‘తప్పా మేడమ్?’ అన్నాడు బిక్కమొహంతో. ఇంజన్ ఉండాల్సిన చోటే ఉంది. నేను దిద్దలేదు.