కణంలో రేడియోధార్మిక గుర్తులు – 4వ పాఠం: పల్స్, చేజ్

ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్), కార్బన్-14, గంధకం-35లలో ఏ పనికి ఏది వాడాలో కిందటి పాఠంలో చూశాం. ఇక అసలు పనిలోకి దిగుదాం. గుర్తు పెట్టిన ప్రోటీను ఏ నిమిషానికి కణంలో ఎక్కడుందో చెప్పాలి. ఇది నేర్చుకోవడానికి నాకు తెలిసి జేమ్స్ జేమీసన్, జార్జి పలాడే రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో చేసి 1967లో ప్రచురించిన ప్రయోగమే బాగుంటుంది.

వాళ్లు తీసుకున్నది గినీ పిగ్ క్లోమం. జీర్ణ ఎంజైములను తయారుచేసి బయటికి పంపడమే ఆ కణాల ప్రధానమైన పని కాబట్టి దారి స్పష్టంగా కనిపిస్తుంది. క్లోమాన్ని పలుచని ముక్కలుగా కోసి, ట్రిటియం ఉన్న లూసిన్‌లో (ప్రోటీనులో చేరే ఒక అమైనో ఆమ్లం) 3 నిమిషాలే ఉంచారు. ఇది పల్స్. వెంటనే కడిగి, మామూలు లూసిన్ దండిగా ఉన్న ద్రావణంలోకి మార్చారు. ఇది చేజ్. పారే కాలువలో ఒక్క క్షణం రంగు పోసి ఆపేస్తే రంగునీళ్లు ఒక ముద్దగా ముందుకు సాగుతాయి. పోస్తూనే ఉంటే కాలువంతా ఒకే రంగు, ఏ చుక్క ఎప్పుడు బయల్దేరిందో తేలదు. జంతువుకు సూదిమందుగా ఇస్తే వచ్చే చిక్కూ ఇదే: లూసిన్ రక్తంలో తిరుగుతూ ఉంటుంది, పల్స్ చటుక్కున తెగదు. ముక్కలు కోసింది అందుకే.

నిర్ణీత సమయాల్లో ఒక్కో ముక్కను తీసి ఫిక్స్ చేస్తారు, అంటే రసాయనంతో ఉన్నదున్నట్టు స్థిరపరుస్తారు. ప్రోటీనులో చేరని లూసిన్ ఆ పనిలో చాలావరకు కొట్టుకుపోతుంది. తర్వాత అతిపలుచని కోతలు తీసి, చీకటిగదిలో ఫొటో ఎమల్షన్ (రేడియోధార్మికత తగిలిన చోట డెవలప్ చేశాక వెండి రేణువు కనిపించే పూత) పూసి, వారాల తరబడి కదపకుండా ఉంచి డెవలప్ చేస్తారు. ఓపిక లేనివాళ్లకు ఈ పని పడదు! ట్రిటియం నుంచి వెలువడే బీటా కణాల (ఎలక్ట్రాన్ల) గరిష్ఠ శక్తి 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. అవి దూరం పోలేవు కాబట్టి వెండి రేణువు మూలానికి దగ్గర్లోనే పడుతుంది. ఫాస్ఫరస్-32 అయితే రేణువులు ఎక్కడెక్కడో పడి, పక్కపక్కనున్న భాగాలను విడదీసి చూడలేం.

పల్స్ ముగిసేసరికి సుమారు 86 శాతం రేణువులు గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం (ప్రోటీను తయారయ్యే చోటు, ఇకపై గరుకు జాలం) మీద ఉన్నాయి. 7 నిమిషాల చేజ్‌కి అక్కడి వాటా దాదాపు సగమైంది, గాల్జి (ప్రోటీనును సర్ది ముందుకు పంపే భాగం) అంచున పెరిగింది. 37 నిమిషాలకు దాదాపు సగం, ప్రోటీను చిక్కబడే రిక్తికల్లో (పొర చుట్టిన చిన్న సంచుల్లో) ఉంది. 117 నిమిషాలకు సగానికి పైగా జైమోజన్ కణికల్లో (బయటికి పంపేదాకా ఎంజైములు నిల్వ ఉండే చోట) చేరింది.

ఈ అంకెల్లో ముందు చూడాల్సింది పెరిగేవి కాదు, తగ్గేవి. చేజ్ సరిగా పనిచేయకపోతే గరుకు జాలం వాటా అలా పడిపోదు, కొత్త గుర్తులు వచ్చి చేరుతూనే ఉంటాయి. ఇంకో సంగతి: ఇది ఒకే కణాన్ని రెండు గంటలు చూసిన దృశ్యం కాదు. ప్రతి సమయానికీ వేరే ముక్క, ఫిక్స్ చేయగానే అది చచ్చిపోతుంది. ప్రయాణాన్ని ఊహించి కలిపేది మనమే. అందుకే ప్రతి సమయానికీ చాలా కణాల్లో రేణువులు లెక్కపెట్టాలి.

అభ్యాసం: పల్స్ అవగానే ఒక ముక్కకు ప్రోటీను తయారీని ఆపే సైక్లోహెక్సిమైడ్ ఇచ్చారు. మరో ముక్కకు కణశ్వాసను ఆపే ఆంటిమైసిన్ ఇచ్చారు. చేజ్ రెండింటిలోనూ మామూలే. గరుకు జాలం, గాల్జి, జైమోజన్ కణికల వాటాలకు ఒక్కో మందుతో ఒక్కో గ్రాఫ్ గీయండి. ఏ ముక్కలో గుర్తు ముందుకు కదులుతుంది, ఏ ముక్కలో గరుకు జాలంలోనే నిలిచిపోతుంది, ఎందుకో రెండు వాక్యాల్లో రాయండి. జవాబులు 5వ పాఠం మొదట్లో ఉంటాయి.