ముందు నేమ్‌ప్లేట్ తుడవండి

గ్యాస్ టర్బైన్ ల్యూబ్ ఆయిల్ శుద్ధి యూనిట్‌కు మాన్యువల్ కావాలని ఎవరైనా అడిగితే, నేను ముందు వారి చేతికి టార్చి, గుడ్డముక్క ఇస్తాను. కంప్యూటర్ పని తరువాత. స్కిడ్ (యూనిట్ భాగాలన్నీ బిగించిన చట్రం) మీద నూనె, దుమ్ము కలిసి గట్టిపడిన పొర కింద నేమ్‌ప్లేట్ ఉంటుంది. తుడిచి ఫొటో తీయండి. స్కిడ్ కట్టినవారు ఒకరు, పంపు చేసినవారు మరొకరు, హీటరు ఇంకొకరిది కావచ్చు. అందుకే ప్రతి ప్లేటూ తీయాలి.

సీరియల్ నంబరు దగ్గర నేను రాజీపడను. ఒకసారి మోడల్ పేరు మాత్రమే చూసి, నూనెలోని తేమ తీసే వ్యాక్యూమ్ డీహైడ్రేటర్ మాన్యువల్ తెచ్చుకున్నాను. అందులో రాసిన సీల్ కిట్ తెప్పిస్తే ఓ-రింగులు (నూనె కారకుండా ఆపే రబ్బరు వలయాలు) మూత గాడిలో కూర్చోలేదు. అదే మోడల్‌లో మూత కొలతలు మధ్యలో మారాయి. ఏ సీరియల్ నంబరు నుంచి మారాయో ఆ మాన్యువల్ మొదటి పేజీల్లోనే ఉంది. నేను చదవలేదు. ఆ యూనిట్ ఆగినన్నాళ్లూ నూనెలో తేమ పెరుగుతూ పోయింది.

తరువాత తేల్చుకోవలసింది, ఆ పరికరం టర్బైన్‌తో పాటే వచ్చిందా, తరువాత చేర్చారా అన్నది. బేరింగులకు వెళ్లే దారిలోని జంట ఫిల్టర్లు, కూలర్లు టర్బైన్ తయారీదారు పత్రాల్లో ఉంటాయి. జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) యంత్రమైతే దాని పత్రాల్లో 0416 నంబరు కింద ల్యూబ్ ఆయిల్ స్కీమాటిక్ (నూనె తిరిగే దారి చూపే చిత్రం), 0414 కింద పరికరాల జాబితా వెతకండి. నూనె ఎలా ఉండాలో జీఈ వారి పత్రం జీఈకే 32568 చెబుతుంది. ట్యాంకు నుంచి నూనె తీసుకుని, వార్నిష్ (నూనె పాడై ఏర్పడే జిగట పదార్థం) తొలగించి, తిరిగి ట్యాంకులోకే పంపే పక్క యూనిట్‌ను మాత్రం చాలాచోట్ల తరువాత కొంటారు. టర్బైన్ మాన్యువల్‌ను ఎన్నిసార్లు తిరగేసినా అలాంటిది కనిపించదు. దాని ఆచూకీ కొనుగోలు ఫైలులో ఉంటుంది. స్టోర్స్‌లో పాత పర్చేజ్ ఆర్డర్ అడగండి.

తయారీదారుకు రాసేటప్పుడు 'మాన్యువల్ పంపండి' అని ఊరుకోవద్దు. సీరియల్ నంబరు, ఆర్డర్ నంబరు, ప్లేటు ఫొటో జతచేసి, కావలసినవాటిని పేరుపేరునా అడగండి: పైపింగ్ డ్రాయింగ్, వైరింగ్ డ్రాయింగ్, విడిభాగాల జాబితా, అలారం, ట్రిప్ (యంత్రం తనంతట తాను ఆగే) సెట్టింగులు. ఏ పత్రాలు అడగవచ్చో తెలియకపోతే ల్యూబ్ ఆయిల్ వ్యవస్థలకు అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చిన ప్రమాణం ఏపీఐ 614 చూడండి. సరఫరాదారు ఇవ్వవలసిన డ్రాయింగుల, వివరాల పట్టిక అందులో ఉంది. కంపెనీ చేతులు మారితే కొన్నవారిని అడగండి. ఫిల్టర్ హౌసింగ్ ప్లేటుపై ఎన్‌బీ (నేషనల్ బోర్డు) నంబరు ఉంటే మరో దారి కూడా ఉంది. బాయిలర్లు, పీడన పాత్రలను నమోదుచేసే అమెరికాలోని ఆ బోర్డులో ఆ హౌసింగ్ తయారీ నివేదిక నమోదై ఉంటుంది, దాని ప్రతిని తెప్పించుకోవచ్చు.

పత్రం చేతికి రాగానే పని అయిపోయిందనుకోవద్దు. రివిజన్ చూసుకుని, డ్రాయింగ్‌తో స్కిడ్ దగ్గర నిలబడి ఒక్కొక్క వాల్వును వేలితో చూపుతూ సరిపోల్చండి. హీటరును ఆపే లెవల్ స్విచ్‌ను తప్పక వెతికి చూడండి. నూనె మట్టం తగ్గినప్పుడు హీటరును కాపాడేది అదే. తేడా కనిపిస్తే ఎర్ర సిరాతో గుర్తించి, తేదీ వేసి, ఒక ప్రతిని ప్లాస్టిక్ కవరులో పెట్టి ప్యానెల్ తలుపు లోపల ఉంచండి.