రెండేళ్ల బిడ్డతో గాల్వెస్టన్ నుంచి క్రూయిజ్‌కు వెళ్లడం ఎలా?

డాలస్, ఆస్టిన్, హ్యూస్టన్ ప్రాంతాల్లో ఉండే తెలుగువారికి విమానం ఎక్కే పని లేకుండా, ఇంటి దగ్గర కారెక్కి నేరుగా ఓడ దగ్గర దిగే వీలు టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవులో ఉంది. కార్ సీటు విప్పి విమానాశ్రయంలో మోసే బాధ తప్పుతుంది. ఓడ ఎక్కాక నాలుగైదు రోజులూ ఒకే గది, ఒకే పడక, పిలుపు దూరంలో భోజనం. చంటిబిడ్డను చంకనేసుకుని రోజుకో హోటల్ మారిన వారికి ఈ సుఖం విలువ తెలుస్తుంది. అయితే క్రూయిజ్ ప్రకటనల్లో మెరిసే ఈత కొలనులు, నీటి జారుడు బల్లలు, పిల్లల క్లబ్బులు చాలావరకు మూడేళ్లు నిండని, డైపర్ మానని పిల్లలకు అందవు. ఈ సంగతి ఓడ ఎక్కాక తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు. కాబట్టి టికెట్టు కొనే నాడే బిడ్డ వయసునూ డైపర్‌నూ లెక్కలోకి తీసుకోవాలి.

1. ధరను చూసి కాదు, బిడ్డ వయసును చూసి ఓడను ఎంచుకోండి

చాలా క్రూయిజ్ కంపెనీలు ఆరు నెలలు నిండిన పిల్లలనే ఓడ ఎక్కనిస్తాయి. వరుసగా చాలా రోజులు సముద్రంలోనే సాగే దూర ప్రయాణాలకు ఏడాది నిండాలంటాయి. ఈ వయసును బయలుదేరే తేదీ నాటికి లెక్కిస్తారు.

అసలు తేడా పిల్లల క్లబ్బుల్లో ఉంది. రాయల్ కరీబియన్ ఓడల్లో ఉచిత క్లబ్బులో చేరాలంటే మూడేళ్లు నిండి, డైపర్ పూర్తిగా మాని ఉండాలి. అంతకంటే చిన్నవారికి కొన్ని ఓడల్లో మాత్రమే నర్సరీ ఉంటుంది, దానికి గంటల లెక్కన డబ్బు కట్టాలి. కార్నివాల్ ఓడల్లో రెండేళ్ల నుంచే క్లబ్బులో చేర్చుకుంటారు, డైపర్ ఉన్నా అభ్యంతరం చెప్పరు. డిస్నీ ఓడల్లో ఆరు నెలల నుంచి మూడేళ్లలోపు వారికి రుసుముతో నర్సరీ ఉంది. రెండేళ్ల రెండు నెలల బిడ్డ ఉన్న కుటుంబానికి, టికెట్టు ధరలో కనిపించే వ్యత్యాసం కన్నా రోజుకు రెండు గంటల ఊపిరి పీల్చుకునే సమయం ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం.

ఇక నీళ్ల సంగతి. అమెరికా రేవులకు వచ్చే ఓడలు అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ పారిశుద్ధ్య నియమాలకు లోబడి నడుస్తాయి. వాటి ప్రకారం డైపర్ వాడే పిల్లలను మామూలు ఈత కొలనుల్లోకి గానీ, వేడినీటి టబ్బుల్లోకి గానీ దింపకూడదు. స్విమ్ డైపర్ తొడిగినా ఇదే నియమం. కొలనులో మలం కలిస్తే అందరినీ బయటికి పంపి, నీటిని శుద్ధి చేసే దాకా కొలనును మూసేయాలి కనుక సిబ్బంది ఇందులో మొహమాటపడరు. కొన్ని ఓడల్లో చంటిపిల్లల కోసమే ప్రత్యేకంగా శుద్ధి ఏర్పాటు ఉన్న చిన్న నీటి ఆటస్థలం ఉంటుంది. మీరు ఎక్కబోయే ఓడలో అది ఉందో లేదో ఓడ పేరు చెప్పి మరీ అడగండి, ఎందుకంటే ఒకే కంపెనీ ఓడలన్నీ ఒక్కలా ఉండవు.

2. రోజులు, గది

గాల్వెస్టన్ నుంచి మెక్సికోలోని కోజుమెల్ దీవికి వెళ్లడానికి ఒక పగలంతా, రావడానికి మరో పగలంతా సముద్రం మీదే గడుస్తుంది. నాలుగు రాత్రుల ప్రయాణంలో నేల మీద దిగేది సాధారణంగా ఒక్క రోజే. ఐదు రాత్రులదైతే మెక్సికోలోనే ఉన్న ప్రొగ్రెసో రేవు కూడా కలుస్తుంది. మొదటిసారి వెళ్లేవారికి నాలుగైదు రాత్రులు చాలు. జూన్ నుంచి నవంబర్ వరకు తుఫానుల కాలం కనుక ఆ నెలల్లో దారి మారినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

పాలు తాగే బిడ్డ అయినా సరే కేబిన్‌లో ఒక మనిషి కిందే లెక్క; ఇద్దరికి సరిపోయే గది తీసుకుని బిడ్డను ఒళ్లో పెట్టుకుంటామంటే కుదరదు. లైఫ్‌బోట్లలోని చోటును బట్టి ఓడలో మనుషుల సంఖ్యను నిర్ణయిస్తారు. మూడో మనిషికి ఛార్జీ తగ్గవచ్చు గానీ పన్నులు, రేవు రుసుములు తప్పవు. ఊగుడు తక్కువగా ఉండాలంటే ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో గది అడగండి. బిడ్డ పడుకోవడానికి మడత తొట్టిని బుకింగ్ సమయంలోనే కోరితే ఉచితంగా వేస్తారు. కిటికీ లేని లోపలి గదిలో పట్టపగలే చిమ్మచీకటి కనుక బిడ్డ మధ్యాహ్నం హాయిగా నిద్రపోతుంది, కానీ పెద్దవాళ్లు ఆ చీకట్లో ఫోను వెలుగు చూసుకుంటూ కూర్చోవాలి. బాల్కనీ ఉంటే బిడ్డ నిద్రపోయిన రెండు గంటలూ గది తలుపు దగ్గరే, గాలిలో కూర్చోవచ్చు. చేతిలో డబ్బుంటే బాల్కనీ, లేకపోతే లోపలి గది తీసుకోండి. కిటికీ మాత్రమే ఉన్న గదికి అదనంగా చెల్లించడం దండగ.

3. కాగితాలు సరిచూసుకోండి

ఒకే ఇంట్లో మూడు రకాల పత్రాలు ఉండే కుటుంబాలు మనవి. అమెరికాలో పుట్టిన బిడ్డ, హెచ్-1బి మీద ఉన్న తల్లిదండ్రులు, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మ, తాతయ్యలు ఒకే ఓడ ఎక్కుతారు కనుక ఎవరికి వారి లెక్క విడిగా చూడాలి.

బయలుదేరిన అమెరికా రేవుకే తిరిగి వచ్చే ప్రయాణాల్లో, పౌరసత్వం ఉన్న బిడ్డకు జనన ధ్రువపత్రం సరిపోతుంది. అయినా పాస్‌పోర్టు తీసుకోవడమే మంచిది, ఎందుకంటే బిడ్డకు జబ్బు చేసి మెక్సికోలో దిగిపోయి విమానంలో రావలసి వస్తే జనన ధ్రువపత్రం పనికిరాదు. పెద్దవారి పాస్‌పోర్టుల్లో చెల్లుబాటయ్యే అమెరికా వీసా స్టాంపు ఉంటే భారతీయులకు మెక్సికో వీసా విడిగా అవసరం లేదు. స్టాంపు గడువు తీరి, హెచ్-1బి ఆమోద పత్రమైన ఐ-797 మాత్రమే చేతిలో ఉన్నవారు జాగ్రత్తపడాలి. మెక్సికోకు ముప్పై రోజుల లోపు వెళ్లి వచ్చేవారిని గడువు తీరిన స్టాంపుతోనే అమెరికాలోకి తిరిగి రానిచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే సదుపాయం ఉన్న మాట నిజమే గానీ, వాతావరణం బాగోలేక ఓడ హోండురస్‌కో జమైకాకో మళ్లితే హెచ్-1బి వారికి అది వర్తించదు. చంటిబిడ్డను వెంటబెట్టుకుని ఇలాంటి సాహసం చేయకండి. పెద్దల విజిటర్ వీసా ఒకటికి మించిన ప్రవేశాలకు అనుమతి ఉన్నదేనా అని కూడా చూడండి. తల్లిదండ్రుల్లో ఒకరే బిడ్డను తీసుకెళ్తుంటే, రెండోవారి సమ్మతి పత్రం నోటరీ చేయించి దగ్గర ఉంచుకోవాలి.

4. బిడ్డ తిండికి ఏర్పాటు చేసుకోండి

కరెంటు రైస్ కుక్కరు, నీళ్లు కాచే కెటిల్, ఇస్త్రీపెట్టె వంటి వేడెక్కే పరికరాలను ఓడలోకి తేనివ్వరు. సామాను తనిఖీలో పట్టుకుని దిగేటప్పుడు తిరిగిస్తారు. ఇంట్లో వండిన పదార్థాలకూ అనుమతి ఉండదు. పులిహోర పొట్లం దారిలోనే, కారులోనే పూర్తి చేయాలి. ఇంట్లో కొట్టిన ఉగ్గు పొడిని మామూలు డబ్బాలో పోసి తీసుకెళితే ఆపేసే అవకాశం ఉంది కనుక కంపెనీ సీలు తీయని రాగి జావ పొడి, ఓట్స్, పాలపొడి, బిడ్డ అలవాటుపడిన బిస్కెట్లు పట్టుకెళ్లండి. సీలు ఉన్న చిన్న నెయ్యి సీసా ఒకటి ఉంటే సగం సమస్య తీరినట్లే. అన్నట్టు, దిష్టి తీయడానికి కర్పూరం, సాంబ్రాణి, అగరువత్తులు పెట్టెలో సర్దే అమ్మమ్మలకు ముందే చెప్పాలి: నిప్పుతో సంబంధం ఉన్నవేవీ ఓడలో వెలిగించకూడదు. ఉప్పుతో దిష్టి తీస్తే ఎవరూ కాదనరు.

ఓడలోని బఫేలో తెల్లన్నం, ఉడికించిన కూరగాయలు, అరటిపండ్లు, పెరుగు దాదాపు రోజూ దొరుకుతాయి. పెరుగు తీపి కలపనిదేనా అని అడిగి తీసుకోండి. మొదటి రాత్రి భోజనశాలలో హెడ్ వెయిటర్‌ను పిలిచి, మరునాటి నుంచి కారం లేని పప్పు కావాలని చెబితే చాలా ఓడల్లో చేసిపెడతారు. వంటశాలలోనూ వడ్డనలోనూ భారతీయులు చాలామందే ఉంటారు కనుక పప్పన్నం అంటే ఏమిటో విడమరచి చెప్పే పని సాధారణంగా ఉండదు. జావ కలపడానికి వేడినీళ్లు బఫేలో కాఫీ యంత్రాల దగ్గర పట్టుకోవచ్చు. గదిలోని చిన్న ఫ్రిజ్ అంతగా చల్లబరచదు. రాత్రంతా అందులో పాలు నిల్వ చేయకండి.

5. సామాను, మందులు

డైపర్లు ఓడలోని దుకాణంలో దొరుకుతాయని నమ్ముకోవద్దు. ఇంట్లో రోజుకు అయ్యే లెక్కకు రెండు రోజులవి అదనంగా చేర్చండి. సముద్రతీరానికి స్విమ్ డైపర్లు వేరుగా పెట్టండి. చాలా గదుల్లో స్నానపు తొట్టి ఉండదు, షవరు మాత్రమే ఉంటుంది. ఒక ప్లాస్టిక్ మగ్గు, గాలి ఊదే చిన్న టబ్బు తీసుకెళితే స్నానం వేళ ఏడుపు తప్పుతుంది. గది తలుపు ఇరుకుగా ఉంటుంది, స్ట్రోలర్‌ను వరండాలో వదలనివ్వరు కనుక సన్నగా మడిచే రకమే పనికివస్తుంది. కార్నివాల్ ఓడల్లో చాలావాటిలో సొంతంగా బట్టలు ఉతుక్కునే యంత్రాలు ఉంటాయి, రాయల్ కరీబియన్‌లో ఉండవు.

ఓడలో వైద్యుడు ఉంటారు గానీ పిల్లల వైద్యుడు ఉంటారని అనుకోకూడదు. చికిత్స ఖర్చును కూడా మీ ఖాతాలోనే రాస్తారు. ప్రయాణ బీమా తీసుకుని, థర్మామీటరు, వయసుకు తగిన జ్వరం మందు, ఓఆర్ఎస్ పొడి చేతి సంచిలో ఉంచండి. రెండేళ్లలోపు పిల్లలకు ఓడ ఊగుడు వల్ల వాంతులు రావడం అరుదు. రెండేళ్లు దాటినవారికి ఎక్కువ. పెద్దలు వేసుకునే వాంతుల మాత్రను ముక్క చేసి పిల్లలకు వేయడం ప్రమాదకరం. వాంతులకు వాడే ప్రొమెథజిన్ అనే మందు రెండేళ్లలోపు వారికి అసలే ఇవ్వకూడదు. ఏది, ఎంత అన్నది మీ పిల్లల డాక్టరును బయలుదేరే ముందే అడిగి రాయించుకోండి.

6. ఓడ ఎక్కే రోజు

డాలస్ నుంచి గాల్వెస్టన్‌కు సుమారు ఐదు గంటల దారి. ముందురోజు రాత్రికే హ్యూస్టన్ వైపు చేరుకుంటే తెల్లవారుజామున బిడ్డను లేపే అవస్థ ఉండదు. పెద్ద పెట్టెలు రేవులో అప్పగించాక సాయంత్రానికి గానీ గదికి చేరకపోవచ్చు. గది కూడా మధ్యాహ్నం దాటితే తప్ప సిద్ధం కాదు. అందుచేత ఐదారు డైపర్లు, ఒక జత బట్టలు, తినుబండారాలు, మందులు, పత్రాలు భుజానికి తగిలించుకునే సంచిలోనే ఉండాలి. ఆ మధ్యాహ్నం నిద్ర స్ట్రోలర్‌లోనే అని ముందే మనసు సిద్ధం చేసుకోండి.

ఓడ కదలకముందే భద్రతా కసరత్తులో అందరూ పాల్గొనాలి. మీకు కేటాయించిన చోటికి బిడ్డతో సహా వెళ్లి, చిన్నపిల్లల లైఫ్ జాకెట్ కావాలని అప్పుడే అడిగి, ఒకసారి తొడిగి చూడండి. గదిలోకి వెళ్లగానే మోకాళ్ల మీద కూర్చుని బిడ్డ ఎత్తు నుంచి చుట్టూ పరికించండి. స్నానాల గదికి ఎత్తైన గడప, వేళ్లు నలిగేంత బరువైన తలుపులు కనిపిస్తాయి. బాల్కనీలోని కుర్చీలను కడ్డీలకు దూరంగా జరిపి, తలుపుకు పై గడియ వేసి ఉంచడం ప్రయాణం ముగిసే దాకా ఎవరో ఒక పెద్దవారి బాధ్యతగా పెట్టుకోవాలి.

7. ఓడలోనూ రేవులోనూ

మధ్యాహ్నం నిద్రను ఏ కార్యక్రమం కోసమూ చెడగొట్టకండి. ఉదయం నీళ్ల ఆట లేదా క్లబ్బు, పన్నెండుకు భోజనం, తరువాత గదిలో నిద్ర, సాయంత్రం డెక్ మీద నడక, భోజనానికి తొలి బంతి. ఈ వరుస తప్పకపోతే రాత్రి తొమ్మిదికి బిడ్డ నిద్రపోతుంది, తల్లిదండ్రుల్లో ఒకరు వెళ్లి ప్రదర్శన చూసి రావచ్చు. చేతులను సబ్బుతోనే కడగాలి. ఓడల్లో వాంతులు, విరేచనాలు వ్యాపింపజేసే నోరోవైరస్ మీద ఆల్కహాల్ శానిటైజర్ సరిగా పనిచేయదు.

కోజుమెల్, ప్రొగ్రెసోలలో ఓడ నేరుగా రేవును ఆనుకుని ఆగుతుంది. బెలీజ్, గ్రాండ్ కేమన్ వంటిచోట్ల సముద్రంలో ఆగితే చిన్న పడవల్లోకి దిగాలి, అక్కడ స్ట్రోలర్‌తో ఇబ్బందే. ప్రొగ్రెసో వంతెన రేవు ఆరు కిలోమీటర్లకు పైగా పొడవు కనుక ఒడ్డుకు బస్సులో తీసుకెళ్తారు. అక్కడి టాక్సీల్లో కార్ సీటు ఉంటుందని ఆశించకండి; దగ్గరలోని తీరాన్ని చూసుకుని రెండు మూడు గంటల్లో తిరిగి రండి. చలికాలంలో కోజుమెల్ గడియారం టెక్సస్ కన్నా గంట ముందుంటుంది, మీరు నడుచుకోవలసింది ఓడ గడియారం ప్రకారమే.

8. తిరుగు ప్రయాణం

చివరి రాత్రి పెట్టెలను గది బయట పెట్టమంటారు. సర్దే హడావుడిలో బిడ్డ మరునాటి బట్టలు కూడా వాటిలోకి వెళ్లిపోవడం తరచు జరిగే పొరపాటు; ఒక జత బట్టలు, చెప్పులు, డైపర్లు ముందే తీసి మంచం మీద పెట్టుకోండి. బఫే నుంచి దారికని దాచుకున్న అరటిపండ్లను దిగేముందే తినిపించేయండి, కస్టమ్స్ దాటి పండ్లు తీసుకెళ్లనివ్వరు. చలికాలంలో గాల్వెస్టన్ కాలువ మీద పొగమంచు పడితే ఓడ గంటల తరబడి బయటే ఆగిపోతుంది. ఆ రోజు ఆఫీసు మీటింగులు పెట్టుకోకుండా సెలవు తీసుకుని, బిడ్డకు మరో పూటకు సరిపడా పాలపొడి, డైపర్లు చేతి సంచిలోనే మిగిల్చుకోండి.