షికాగోలో ఒక బేస్‌బాల్ రోజు: రిగ్లీ ఫీల్డ్‌లో మ్యాచ్ చూసి ఊరి తిండి తినడం ఎలా?

షికాగో వచ్చిన మనవాళ్లు ఎక్కువగా మిలీనియం పార్క్‌లో మెరిసే బీన్ శిల్పం దగ్గర ఫొటో దిగి, విల్లిస్ టవర్ ఎక్కి, సరస్సు ఒడ్డున కాసేపు తిరిగి వెనక్కి వెళ్లిపోతారు. అవన్నీ చూడాల్సినవే. కానీ ఈ ఊరి మనుషులు ఎలా ఉంటారో తెలియాలంటే ఒక మధ్యాహ్నం రిగ్లీ ఫీల్డ్‌లో కూర్చోవాలి. 1914లో కట్టిన మైదానం అది. షికాగో కబ్స్ జట్టు 1916 నుంచి అక్కడే ఆడుతోంది. ఆట తెలియకపోయినా ఫర్వాలేదు. క్రికెట్ తెలిస్తే సగం దారి వచ్చేసినట్టే.

పగటి మ్యాచ్ ఎంచుకోండి

సీజన్ మార్చి చివర్లో మొదలై సెప్టెంబర్ చివరి దాకా నడుస్తుంది. ఒక్కో జట్టు 162 మ్యాచ్‌లు ఆడితే అందులో సగం సొంత ఊళ్లో. అంటే మీరు ఎప్పుడు వచ్చినా ఒకటి దొరికే అవకాశం బాగా ఉంటుంది. వీలైతే మధ్యాహ్నం 1:20కి మొదలయ్యే మ్యాచ్ చూసుకోండి. ఈ మైదానంలో 1988 ఆగస్టు దాకా ఫ్లడ్‌లైట్లే లేవు, అన్నీ పగటి మ్యాచ్‌లే. ఆ అలవాటు ఇంకా పోలేదు. ఎండలో ఆ పచ్చిక, ఆ ఇటుక గోడ చూడటం వేరే అనుభవం.

ఏప్రిల్‌లో వెళ్తే ఎండ ఉంది కదా అని మోసపోకండి. సరస్సు మీది నుంచి వచ్చే గాలి చేతులు కొంకర్లు పోయేలా ఉంటుంది. జాకెట్, టోపీ తప్పనిసరి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు హాయిగా ఉంటుంది. గోడ మీది ఐవీ తీగలు కూడా అప్పుడే నిండుగా పచ్చగా ఉంటాయి. ఏప్రిల్‌లో అవి ఎండుపుల్లల్లా కనిపిస్తాయి.

సీటు దగ్గర తొందరపడొద్దు

టికెట్ మొత్తం ఫోన్‌లోనే. యాప్‌లో డౌన్‌లోడ్ చేసి, గేటు దగ్గరికి వెళ్లేలోపే తెరిచి పెట్టుకోండి. వేలమంది ఒకేసారి ఫోన్లు తీసే చోట నెట్ నెమ్మదిస్తే అనవసరమైన టెన్షన్.

మీతో పెద్దవాళ్లుంటే మూడో బేస్ (బ్యాటర్ పరుగెత్తి చుట్టిరావాల్సిన నాలుగు గుర్తుల్లో మూడోది) వైపు, పైన కప్పు ఉండే వరుసలు చూడండి. మధ్యాహ్నం గడిచేకొద్దీ నీడ ముందు ఆ వైపే పడుతుంది. కబ్స్ ఆటగాళ్లు కూర్చునేదీ ఆ వైపే. అయితే పాత కట్టడం కాబట్టి వెనక వరుసల్లో కొన్ని సీట్లకు ఇనుప స్తంభాలు అడ్డొస్తాయి. టికెట్ మీద ‘అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ’ అని ఉంటే ధర తక్కువైనా వదిలేయండి. కుర్రకారైతే అవుట్‌ఫీల్డ్ వెనక బ్లీచర్స్ అనే బల్లల వరుసలు బాగుంటాయి. అక్కడ సీటు నంబర్లుండవు, ముందొచ్చినవాళ్లదే చోటు. గోల ఎక్కువ, ఎండ ఎక్కువ, సరదా కూడా ఎక్కువే.

బ్యాగు సైజు, బయటి తిండి నియమాలు జట్టు వెబ్‌సైట్‌లో ముందురోజు చూసుకోండి.

రైల్లోనే వెళ్లండి

స్టేడియం ఇళ్ల మధ్యలో ఉంది. పార్కింగ్ కోసం తిరిగే గంటలో మీరు లోపల కూర్చుని ఉండొచ్చు. డౌన్‌టౌన్ నుంచి రెడ్ లైన్ ఎక్కి, హోవర్డ్ వైపు వెళ్లే రైల్లో అడిసన్ స్టేషన్‌లో దిగితే స్టేడియం కనిపిస్తుంది. నేపర్‌విల్, అరోరా లాంటి శివారు ఊళ్లలో ఉండే మనవాళ్లు మెట్రా అనే లోకల్ రైల్లో యూనియన్ స్టేషన్ దాకా వచ్చి, అక్కడి నుంచి పావుగంట నడిస్తే జాక్సన్ దగ్గర రెడ్ లైన్ దొరుకుతుంది.

ఒక్క జాగ్రత్త. ఓహేర్ ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా బ్లూ లైన్‌లో వస్తే దారిలో దానికీ అడిసన్ అనే స్టేషన్ ఉంది. అక్కడ దిగొద్దు. మొదటిసారి నేను పేరు చూసి దిగేశాను. స్టేడియం అక్కడికి దాదాపు 3 మైళ్లు. అదే రోడ్డు మీద బస్సు పట్టుకుని చేరేసరికి తొమ్మిదిలో మొదటి రెండు ఇన్నింగ్స్ అయిపోయాయి. బ్లూ లైన్‌లో జాక్సన్ దాకా వచ్చి రెడ్ లైన్‌కు మారడమే తేలిక.

క్రికెట్ కళ్లతో ఆట అర్థం చేసుకోండి

పిచ్చర్ అంటే మన బౌలర్ లాంటివాడు. అతను వేసేదంతా ఫుల్ టాసే, బంతి నేలకు తగలదు. కొట్టాల్సిన బంతిని వదిలేసినా, బ్యాటు ఊపి తప్పినా ఒక స్ట్రైకు. మూడు స్ట్రైకులు పడితే బ్యాటర్ అవుట్. పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులేస్తే బ్యాటర్ తాపీగా మొదటి బేస్‌కు నడిచిపోతాడు. ముగ్గురు అవుటైతే అవతలి జట్టు వంతు. రెండు జట్ల వంతులూ కలిపి ఒక ఇన్నింగ్స్, ఇలా తొమ్మిది. నాలుగు బేస్‌లూ చుట్టి వస్తే ఒక పరుగు. బంతి గోడ దాటితే హోమ్ రన్, మన సిక్సర్ లాంటిది. కాకపోతే అప్పటికి బేస్‌ల మీద ఉన్నవాళ్లంతా కూడా ఇంటికొచ్చేస్తారు కాబట్టి ఒక్క దెబ్బకు ఒకటి నుంచి నాలుగు పరుగుల దాకా రావచ్చు.

మనకు అలవాటు కాని సంగతి ఒకటుంది. క్రికెట్‌లో బంతిని వెనక్కీ పక్కకీ ఎటైనా కొట్టొచ్చు, ఇక్కడ రెండు గీతల మధ్య ముందుకే పోవాలి. బయటికి పోతే ఫౌల్. పదిసార్లు బ్యాటు పట్టి మూడుసార్లు హిట్ కొట్టగలిగినవాడు గొప్ప బ్యాటర్. స్కోరు 3-2, 5-4 దగ్గరే ఆగుతుంది. అందుకే పరుగులు లెక్కపెడుతూ కూర్చుంటే విసుగొస్తుంది. పిచ్చర్, బ్యాటర్ ఒకరినొకరు ఎలా బోల్తా కొట్టించాలని చూస్తున్నారో గమనించండి, ఆట అక్కడే ఉంది. 2023లో పిచ్ క్లాక్ (పిచ్చర్ ఇంత సమయంలోపు బంతి వేయాలనే గడియారం) పెట్టాక మ్యాచ్ రెండున్నర గంటలకు కాస్త అటూఇటూగా ముగుస్తోంది. పాత కథలు విని భయపడక్కర్లేదు.

మా నాన్నను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఫౌల్ బంతి ఒకటి మా ముందు వరుసలో పడింది. పట్టుకున్న కుర్రాడు దాన్ని జేబులో వేసుకున్నాడు. “తిరిగివ్వరా?” అని నాన్న ఆశ్చర్యపోయాడు. ఇవ్వరు, అది వాడిదే. ఒక్క సందర్భంలో మాత్రం ఇక్కడివాళ్లు వెనక్కి విసిరేస్తారు. అవతలి జట్టు హోమ్ రన్ కొట్టిన బంతి బ్లీచర్స్‌లో పడితే, చుట్టూ ఉన్నవాళ్లంతా విసిరెయ్ విసిరెయ్ అని అరుస్తారు. పట్టుకున్నవాడు దాన్ని మైదానంలోకి విసిరితే గెలిచినంత చప్పట్లు.

లోపల ఇవి వదలకండి

ఆటకు గంట ముందే లోపలికి వెళ్లండి. సెంటర్ ఫీల్డ్ వెనక ముదురాకుపచ్చ రంగులో పెద్ద స్కోర్‌బోర్డు ఉంటుంది. 1937 నాటిది. దాన్ని ఇప్పటికీ మనుషులే చేత్తో నడుపుతారు. ఒక్కో గడి ఒక్కో కిటికీ. ఇన్నింగ్స్ అయ్యాక దానివైపే చూస్తూ ఉండండి. గడిలోని పలక కదిలి మాయమవుతుంది, ఒక క్షణం నల్లని ఖాళీ, లోపల మనిషి ఉన్నాడన్న జాడ, అంతలో కొత్త అంకె వచ్చి కూర్చుంటుంది. ఎంత పెద్ద వీడియో స్క్రీన్ పక్కన ఉన్నా నా చూపు దానిమీదికే పోతుంది.

గోడ మీది ఐవీ నాటింది కూడా ఆ 1937లోనే. బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుపోతే ఫీల్డర్ వెతకడు, రెండు చేతులూ పైకెత్తి నిలబడతాడు. అప్పుడు బ్యాటర్‌కు రెండు బేస్‌లు ఇస్తారు. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి ఒక పాత పాట కలిసి పాడతారు. మీకు మాటలు రాకపోయినా లేచి నిలబడండి. కబ్స్ గెలిస్తే స్కోర్‌బోర్డు మీద తెల్ల జెండా ఎగురుతుంది, దానిమీద నీలం రంగు ‘డబ్ల్యూ’, అంటే విన్. దారిన పోయే రైల్లోవాళ్లకు కూడా ఫలితం తెలియాలని మొదలైన ఆచారమది. 1908 తర్వాత ఈ జట్టు మళ్లీ వరల్డ్ సిరీస్ (ఇక్కడి బేస్‌బాల్‌లో అతిపెద్ద టైటిల్) గెలవడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. ఒక గెలుపుకు అంతగా పొంగిపోయే ముసలివాళ్లు పక్క సీట్లో ఎందుకుంటారో ఇప్పుడు మీకు తెలుస్తుంది.

తిండి: మధ్యాహ్నం హాట్ డాగ్, సాయంత్రం పిజ్జా

షికాగో హాట్ డాగ్ అంటే గసగసాలు చల్లిన బన్నులో సాసేజ్, పైన పసుపు రంగు మస్టర్డ్ సాస్, మిలమిలలాడే ఆకుపచ్చ రెలిష్ (సన్నగా తరిగిన తీపి ఊరగాయ), ఉల్లిముక్కలు, టమాటా, పొడుగ్గా కోసిన దోసకాయ ఊరగాయ, చిన్న కారపు మిరపకాయలు, చివర్లో సెలరీ ఉప్పు. కెచప్ అడగొద్దు, ఇక్కడివాళ్లకు అది పట్టింపు. ముఖ్యమైన సంగతి, అసలు రకం సాసేజ్ పూర్తిగా బీఫ్. బీఫ్ తిననివాళ్లు ముందే అడిగి వెజ్ డాగ్ ఉన్నచోట అదే తీసుకోండి. పై సరంజామా అంతా దానికీ వేస్తారు, రుచి అందులోనే ఉంది. ఇటాలియన్ బీఫ్ అనే శాండ్‌విచ్ గురించి పేరే చెబుతోంది. కానీ దానిమీద వేసే జార్దినేరా మాత్రం ఎక్కడ కనిపించినా అడగండి. మిరప, కాలీఫ్లవర్, క్యారెట్, సెలరీ నూనెలో ఊరవేసిన పచ్చడి అది. మన నాలుకకు వెంటనే చుట్టమైపోతుంది.

సాయంత్రం డీప్ డిష్ పిజ్జా. 1943లో పిజ్జేరియా ఊనోలో మొదలైందంటారు. లోతైన పళ్లెంలో పిండి అంచులదాకా ఒత్తి, ముందు చీజ్, దానిమీద కూరలు, అన్నిటికంటే పైన టమాటా వేస్తారు. ఎక్కువసేపు కాలాలి కాబట్టి చీజ్ పైనుంటే మాడిపోతుంది. అందుకే ఈ తలకిందుల వరస. ఆర్డరిచ్చాక ముప్పావుగంట పట్టొచ్చు, ఆకలి మండేదాకా ఆగకుండా కాస్త ముందే చెప్పండి. శాకాహారులకు పాలకూర వేసిన రకం దొరుకుతుంది. ‘క్లాసిక్’ అన్న పేరు చూసి తీసుకోకండి, అందులో పంది సాసేజ్ ఉండొచ్చు. చిన్న సైజు ఒక్కటి ఇద్దరికి చాలు. చేత్తో ఎత్తితే జారిపోతుంది, ఫోర్కుతోనే తినాలి.

ఇంత తిన్నాక కూడా పెద్దవాళ్లు “అన్నమో దోసెలో లేకపోతే ఎలా” అంటే మర్నాడు మన దేశపు కొట్లు, హోటళ్లు ఉండే డెవాన్ అవెన్యూకు తీసుకెళ్లండి. మన సరుకులమ్మే పటేల్ బ్రదర్స్ వాళ్ల మొదటి కొట్టు 1974లో తెరిచింది ఆ వీధిలోనే. రెడ్ లైన్‌లో లయోలా స్టేషన్ దాకా వెళ్లి 155 నంబరు బస్సు ఎక్కితే చాలు.

పిజ్జా మిగిలితే ప్యాక్ చేయించుకోండి. మర్నాడు మైక్రోవేవ్‌లో పెడితే అడుగు మెత్తబడిపోతుంది. పెనం మీద సన్నని సెగన మూతపెట్టి పది నిమిషాలు వదిలేయండి, అడుగు మళ్లీ కరకరలాడుతుంది.