మోన్రెయాలే చర్చికి వెళ్తే బైనాక్యులర్స్ మర్చిపోకండి

ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్లేవాళ్లకి ఒక మాట. పలెర్మో పక్కన కొండ మీదున్న మోన్రెయాలే కథీడ్రల్ చూడ్డానికి చిన్న బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. నార్మన్ రాజు రెండో విలియం 1170లలో మొదలుపెట్టిన ఈ చర్చిలో ఆరువేల చదరపు మీటర్లకు పైగా బంగారు మొజాయిక్‌లు (చిన్న చిన్న ముక్కలు అతికించి చేసిన బొమ్మలు) ఉన్నాయి, అన్నీ పైన, కింద నుంచి ఊరికే చూస్తే మెరుపు తప్ప మొహాలు సరిగ్గా కనపడవు.

లోపలికెళ్లగానే ఎదురుగా ఉన్న పెద్ద క్రీస్తు బొమ్మ దగ్గరే ఆగిపోకండి (ఆగిపోవాలనే అనిపిస్తుంది, నిజం). బలిపీఠం వైపు నడిచి, మధ్య హాలు కుడి గోడ పై వరుస చూడండి, సృష్టి కథ అక్కడే మొదలవుతుంది. అక్కణ్ణుంచి తలుపు వైపు వచ్చి, ఎడమ గోడ మీదుగా తిరిగి ముందుకెళ్లి, మళ్లీ కింది వరుస అదే దారిలో చూస్తే కథ వరసగా నడుస్తుంది. ఎటు పడితే అటు చూస్తే ఏమీ అర్థం కాదు.

బలిపీఠం వెనక కింది వరుసలో, సాధువుల మధ్య థామస్ బెకెట్‌ని వెతకండి, రాజుతో గొడవపడ్డ ఇంగ్లండ్ ఆర్చిబిషప్ ఈయన. 1170లో ఆయన్ని చంపింది ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ మనుషులు, ఆ హెన్రీ కూతురు జోనే ఈ విలియం భార్య! మామగారికి అంత ఇబ్బందైన మనిషి బొమ్మ అల్లుడి చర్చిలో ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

పక్కనున్న క్లోయిస్టర్‌కి (చుట్టూ స్తంభాల వరండాలున్న మఠం లోపలి ఆవరణ) విడిగా ఓ గంట ఉంచుకోండి. 228 స్తంభాలు, వాటి పైభాగాల్లో చెక్కడం ఎక్కడికక్కడ వేరు. భుజాలు కప్పే బట్టలు వేసుకెళ్లండి.