జెంటూలో ఇన్‌స్టాల్ దశ ఆగిపోతే

సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ నుంచి కట్టుకునే లినక్స్ అయిన జెంటూలో ప్యాకేజీ చక్కగా కంపైలై, చివరికి ఇన్‌స్టాల్ దశలో ఆగిపోతే చాలామంది ముందు శాండ్‌బాక్స్‌ను, అంటే సిస్టంలోకి నేరుగా రాయకుండా అడ్డుకునే కాపలాను, ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. శాండ్‌బాక్స్ అడ్డుపడకపోతే ఫైళ్లు, జెంటూ ప్యాకేజీ మేనేజర్ అయిన పోర్టేజ్ లెక్కలోకి రాకుండా నేరుగా సిస్టంలో చేరతాయి. తర్వాత ప్యాకేజీని తీసేసినా అవి అక్కడే ఉంటాయి.

పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ఓ చిన్న ప్రోగ్రాముకు ఈబిల్డ్ (ప్యాకేజీని ఎలా కట్టి ఇన్‌స్టాల్ చేయాలో పోర్టేజ్‌కు చెప్పే స్క్రిప్టు) రాసుకున్నప్పుడు నాకు ఇదే ఎదురైంది. లాగ్ చివర ‘యాక్సెస్ డినైడ్’, పక్కనే యుఎస్ఆర్/బిన్ దారి. ప్రోగ్రాముతో వచ్చిన మేక్‌ఫైల్ (దాన్ని కట్టే ఆదేశాలున్న ఫైలు) తెరిస్తే, ప్రోగ్రామును నేరుగా అక్కడికే కాపీ చేసే వరుస కనిపించింది. పోర్టేజ్, సిస్టంలో చేర్చేముందు ఫైళ్లను పోగుచేసే తన తాత్కాలిక ‘ఇమేజ్’ డైరెక్టరీ దారిని డెస్ట్‌డిర్ అనే వేరియబుల్‌లో పంపుతుంది. ఈ మేక్‌ఫైల్‌లో దాని ఊసే లేదు.

దారికి ముందు డెస్ట్‌డిర్ చేర్చాను. మళ్లీ ఆగింది. ఎందుకంటే ఇమేజ్ ఖాళీగా మొదలవుతుంది, అందులో యుఎస్ఆర్ లేదు, బిన్ లేదు. యుఎస్ఆర్ ఒక్కటే ఉంటే ఇంకా ప్రమాదం: కాపీ కమాండు మీ ప్రోగ్రామునే ‘బిన్’ అనే ఫైలుగా రాసి, ఏ తప్పూ చూపకుండా ముగుస్తుంది. అందుకే కాపీకి ముందు, ఇన్‌స్టాల్ కమాండుకు హైఫన్ డి ఇచ్చి డైరెక్టరీని సృష్టించే వరుస చేర్చండి. ఆ వరుస ట్యాబ్‌తోనే మొదలవ్వాలి.

ఇతరులు రాసిన ఈబిల్డ్ అయితే ఈ మార్పును డాట్ ప్యాచ్ ఫైలుగా తీసి, ఈటీసీ/పోర్టేజ్/ప్యాచెస్ కింద వర్గం పేరు, దాని లోపల ప్యాకేజీ పేరుతో డైరెక్టరీలు చేసి పెట్టండి. ఈఏపీఐ (ఈబిల్డ్ నియమాల వెర్షన్) 6, ఆపై ఈబిల్డ్‌లు దాన్ని వాటంతట అవే వేసుకుంటాయి.

తప్పు ఈబిల్డ్‌లోనే ఉంటే సొంత ఓవర్‌లేలోకి (మీ ఈబిల్డ్‌లు పెట్టుకునే చోటు) కాపీ చేసుకుని దిద్దండి. జెంటూ ప్రధాన ఈబిల్డ్ ట్రీలో దిద్దింది తర్వాతి సింక్‌తో పోతుంది. పాత ఈబిల్డ్‌లలో నేను ముందు వెతికేది ఇమేజ్ దారిని ఉంచే ‘డి’ వేరియబుల్‌ను. 2018 నాటి ఈఏపీఐ 7 నుంచి దాని చివర స్లాష్ ఉండదు. వెంటనే యుఎస్ఆర్ అని అతికిస్తే దారి ‘ఇమేజ్‌యుఎస్ఆర్’ అయిపోతుంది. మధ్యలో స్లాష్ పెట్టండి. మామూలు కాపీ కమాండు వాడితే పక్కన రెండు నిలువు గీతలు, ‘డై’ తప్పనిసరి, కాపీ విఫలమైతే అక్కడే ఆగడానికి. ప్రోగ్రామును బిన్‌లో పెట్టే ఈబిల్డ్ కమాండు డూబిన్‌కు ఆ అవసరం లేదు, విఫలమైతే అదే ఆపేస్తుంది.

దిద్దాక మేనిఫెస్ట్ (ఫైళ్ల చెక్‌సమ్‌ల జాబితా) తయారుచేసి, ఈబిల్డ్ కమాండుకు ఫైలు పేరు, క్లీన్, ఇన్‌స్టాల్ అని ఇవ్వండి. సిస్టంలో ఏదీ చేరకుండానే ఆగుతుంది. అప్పుడు వార్/టీఎంపీ/పోర్టేజ్ కింద ఆ ప్యాకేజీ ఇమేజ్‌లోకి వెళ్లి ప్రతి ఫైలూ చూడండి. నాకు అక్కడ రెండే కనిపించాయి: బిన్‌లో ప్రోగ్రాము, డాక్‌లో రీడ్‌మీ. ఆ తర్వాతే ఎమర్జ్ కమాండుతో సిస్టంలో ఇన్‌స్టాల్ చేశాను.